తాడు కట్టిన రాయి

అబుదాబి
2024 అక్టోబరు 18

అన్నా,

ఈ ఉత్తరం నిలబడి చదవకు, కూర్చో. నేను జపాన్ పోతున్నాను! నవ్వకు, నిజమే. మా పెద్దాయన జగన్మోహనరావు గారి కూతురు అక్కడ క్యోటో అనే పాత ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెబుతుంది. ఆయనకు ఎనభై ఒకటి. ఆ ఊరి గుళ్ళూ తోటలూ చూడాలని రెండేళ్ళుగా కొడుకును పోరుతున్నారు. ఒంటరిగా పంపడానికి కొడుక్కి భయం. ఆయన మందులు, స్నానం, చెవిలో మిషను అన్నీ చూసేది నేనే కాబట్టి నాకూ టికెట్టు కొన్నారు. నెలన్నర ఉంటాం. ఆరేళ్ళుగా దుబాయ్ దేశంలో ఉన్నానన్న మాటేగాని నేను చూసింది ఈ ఇల్లు, ఆసుపత్రి, మధ్యలో దారి. అలాంటి నేను జపాన్ చూడబోతున్నాను.

నీకు చెబుదామని నాలుగుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి, "ఆఁ ఆఁ, తిన్న, మంచిగున్న" అని పెట్టేశావు. నేను అడిగింది తిన్నావా అని కాదు మహానుభావా, నా పాస్‌పోర్టు జిరాక్సు నీ దగ్గర ఉందా అని.

పెట్టె సర్దుతుంటే నాయిన గుర్తొచ్చాడు. మనిద్దరినీ బండ మీద కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేవాడు కదా. సుత్తెతో ఒక్కో రాయినీ కొట్టి "పలికిందా బిడ్డా?" అని అడిగేవాడు. గట్టి రాయి ఖంగుమనేది, లోపల పగులున్నది మొద్దుగా మోగేది. నేను తప్పు చెప్పినా నాయిన ఏమీ అనేవాడు కాదు. నువ్వే నా జుట్టు పట్టుకుని లాగి సరిదిద్దేవాడివి. ఇప్పటికీ నీ మీద ఆ కోపం పోలేదు.

అవ్వకు ఫోన్ చేసి చెప్పాను. "జపాన్ల చలి పెడతదట, చెవులకు రుమాలు కట్టుకో" అంది, తల్లి ప్రాణం కదా. నీకేం తేవాలో రాయి.

నీ ఉమ

*

రాస్ అల్ ఖైమా
2024 అక్టోబరు 29

చెల్లె ఉమకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. అయూబ్‌కు కూడా చెప్పాను, మా చెల్లె జపాన్ పోతోందని. అయూబ్ అంటే నా పక్క మంచం పెషావర్ మనిషి, నీకు ఇంతకు ముందు రాశాను. "తుమ్హారీ బెహెన్ తో బడీ మేడమ్ బన్ గయీ" అన్నాడు, నువ్వు పెద్ద మేడమ్ అయిపోయావట. అవునన్నాను.

ఫోన్ సంగతి అడిగావు. స్పీకర్ పాడైంది. బాగు చేయించాలి. ఈ కొండల మధ్య సిగ్నల్ కూడా అంతంతే. అయినా ఫోన్‌లో మాట గాలికి పోతుంది. ఉత్తరమైతే దిండు కింద పెట్టుకుని మళ్ళీ చదువుకోవచ్చు. నువ్వు ఉత్తరాలే రాయి.

ఇక్కడ క్వారీలో అంతా మామూలే. రోజూ మధ్యాహ్నం కొండకు మందు పెట్టి పేలుస్తారు. ముందు సైరన్ మోగుతుంది, అందరం దూరంగా పోయి నిలబడతాం. నేనెప్పుడూ అయూబ్ పక్కనే నిలబడతాను. పొగ తగ్గాక నా పని మొదలు. సముద్రపు గట్లకు పోయే పెద్ద రాళ్ళను సుత్తెతో కొట్టి చూసి, పగులు లేనివాటికి సున్నంతో గుర్తు పెట్టాలి. పదమూడేళ్ళుగా ఇదే పని. మా మేనేజరు, ఆ ముదీర్, నన్ను "డాక్టర్" అంటాడు. రాయి గుండె చప్పుడు వింటానట. నాయిన ఉంటే ఈ మాటకు మీసం దువ్వుకునేవాడు.

నాకేమీ తేవద్దు. కాని ఆ ఊళ్ళో తోటల్లో రాళ్ళు పెట్టడం ఒక విద్య అని విన్నాను. బంగారం అద్దిన గుళ్ళు అందరూ చూస్తారు. నువ్వు నాకోసం రాళ్ళు చూడు. చూసి రాయి.

రాయి అంటే గుర్తొచ్చింది. నాయిన నాకు పలక కొనిచ్చి, పక్కన కూర్చుని, "రాయి" అన్నాడట. నేను లేచి బయటికి పోయి ఒక రాయి తెచ్చి ఆయన చేతిలో పెట్టానట. అవ్వ ఇప్పటికీ ఆ సంగతి చెప్పి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వుతుంది.

చెవులకు రుమాలు కట్టుకో.

అన్న రాజమౌళి

*

క్యోటో
2024 నవంబరు 21

అన్నా,

నువ్వు చెప్పినట్టే రాళ్ళు చూస్తున్నాను. బంగారు గుడి కూడా చూశాను, క్షమించు. చెరువులో దాని నీడే అసలు గుడికంటే బాగుంది. పెద్దాయన చక్రాల కుర్చీ తోసుకుంటూ వెళ్ళాను. దారంతా ఎర్రటి ఆకులు. ఒక ముసలామె వాటిని పుల్లల చీపురుతో ఊడ్చి, కుప్ప చేసి, మళ్ళీ రెండు గుప్పెళ్ళు తీసి నాచు మీద చల్లింది. నాకు అర్థం కాలేదు. పెద్దాయన కూతురు చెప్పింది, మరీ శుభ్రంగా ఉంటే తోటలా ఉండదట. ఈ సంగతి తెలిస్తే అవ్వ వాకిలి ఊడవడం మానేస్తుంది.

ఇక నీ రాళ్ళు. ఒక గుళ్ళో తోట ఉంది, అందులో చెట్టు లేదు, నీళ్ళు లేవు. తెల్లటి కంకర పరిచి దువ్వెనతో దువ్వినట్టు గీతలు గీశారు. మధ్యలో పదిహేను రాళ్ళు. జనం అరుగు మీద కూర్చుని వాటినే చూస్తున్నారు, ఎవరూ మాట్లాడరు. నేను లెక్కపెట్టాను, పద్నాలుగు. ఇటు జరిగి లెక్కపెట్టాను, మళ్ళీ పద్నాలుగే. ఎక్కడ కూర్చున్నా ఒక రాయి ఇంకో రాయి వెనక దాక్కుంటుందట. అలాగే పెట్టారట! నువ్వు ఉంటే కంకరలోకి దిగి దాన్ని సుత్తెతో కొట్టి వచ్చేవాడివి.

ఒక చిన్న మ్యూజియంలో పాతకాలపు రాతిపనివాళ్ళ సామాను అద్దాల పెట్టెలో పెట్టారు. ఉలి, సమ్మెట, చిన్న సుత్తె. అన్నా, ఆ సుత్తె పిడి అచ్చం నాయిన సుత్తె పిడిలాగే బొటనవేలు ఆనే చోట అరిగిపోయి ఉంది. నేను అక్కడే నిలబడిపోయాను. కాపలా అమ్మాయి వచ్చి ఒంట్లో బాగాలేదా అని సైగ చేసింది.

ఈ ఊరు చెవులతో చూడాల్సిన ఊరు. ఒక పాత కోటలో చెక్క నేల మీద అడుగు వేస్తే పిట్టలు కూసినట్టు కిచకిచమంటుంది. దొంగలు వస్తే తెలియడానికట. ఇంకో చిన్న గుళ్ళో నేలలో కుండ బోర్లించి పాతిపెట్టారు. పైనుంచి నీటిబొట్టు లోపల పడితే సన్నగా మోగుతుంది. ఒక వెదురు గొట్టం ఉంది, దానికి చెవి ఆనించి వినాలి. పెద్దాయన మిషను తీసి ఒకసారి, పెట్టుకుని ఒకసారి విన్నారు. "ఏమ్మాయ్, దీనికోసమేనేమో ఇంతదూరం వచ్చాను" అన్నారు. నాకు మాత్రం నాయిన సుత్తె గుర్తొచ్చింది. గట్టి రాయి దూరం నుంచి పలికితే అలాగే ఉండేది.

ఆ చప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి నీకు పంపాను. నీ స్పీకర్ బాగైతే విను. ఎలా ఉందో రాయి.

నీ ఉమ

*

రాస్ అల్ ఖైమా
2024 డిసెంబరు 2

చెల్లె ఉమకు,

నీ ఉత్తరం దిండు కింద ఉంది. చదివి చదివి మడత దగ్గర చిరుగుతోంది. పదిహేనో రాయి సంగతి రోజంతా నవ్వు తెప్పించింది. ఆ తోట వేసినవాడు తప్పకుండా మనవాడే అయి ఉంటాడు. పగులున్న రాయి ఒకటి ఉండి ఉంటుంది, దాన్ని వెనక్కి నెట్టి మంచిది ముందు పెట్టాడు.

నాయిన సుత్తె పిడి మాట చదివి నేనూ కాసేపు నిలబడిపోయాను. దాన్ని ఆయనతోపాటే పూడ్చాం, గుర్తుందా? నువ్వు వద్దని ఏడ్చావు, నీకు కావాలన్నావు. నీకిచ్చి ఉండాల్సింది.

స్పీకర్ బాగైంది. నువ్వు పంపిన నీళ్ళ చప్పుడు విన్నాను. ఎంత బాగుందో చెప్పలేను. లోతు బావిలో ఒక్కొక్క బొట్టూ పడుతున్నట్టు, సన్నగా, చల్లగా. నువ్వన్నట్టు నాయిన సుత్తె లాగే. రెండుసార్లు విన్నాను. అయూబ్‌కు కూడా వినిపించాను. వాడు ఎందుకో తెగ నవ్వాడు. పఠానుకు ఇలాంటివి ఎక్కడ తెలుస్తాయి!

ఇంకా రాళ్ళ సంగతులు రాయి.

అన్న రాజమౌళి

*

క్యోటో
2024 డిసెంబరు 13

అన్నా,

ముందు నవ్వించే సంగతి చెబుతాను. మొన్న నేను ఒక గుళ్ళో పెద్ద తప్పు చేశాను.

తోటలో రెండు దారులు చీలే చోట, మధ్యలో పిడికెడంత రాయి ఉంది. దానికి నల్లటి తాడు అటొకటి ఇటొకటి చుట్టి పైన ముడి వేసి ఉంది. మన కొండగట్టులో ముడుపు కట్టినట్టే. ఎవరో మొక్కుకుని కట్టిన ముడుపు జారి దారిలో పడింది, జనం కాళ్ళకింద పడుతుంది అనుకున్నాను. కళ్ళకద్దుకుని తీసుకెళ్ళి దేవుడి ముందు పెట్టి దండం పెట్టాను. ఎవరి కోరికో తీరాలని కూడా మొక్కాను. ఇంతలో వెనకనుంచి కేకలు. ఒక గైడు జెండా పట్టుకుని నలభై మందిని ఆ దారినే లోపలికి తీసుకెళ్ళిపోయాడు. అక్కడ చిన్న గదిలో ముసలివాళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని నిశ్శబ్దంగా టీ తాగుతున్నారట!

తోటమాలి తాత పరుగెత్తుకుంటూ వచ్చాడు. పెద్దాయన కూతురు నడుము నొప్పి పుట్టేదాకా వంగి వంగి క్షమాపణ చెప్పింది. అప్పుడు తెలిసింది, అది ముడుపు కాదు. "ఇక్కడి నుంచి ముందుకు పోవద్దు" అని చెప్పే రాయి. గేటు లేదు, బోర్డు లేదు, తాడు కట్టిన ఒక్క రాయి. అది చూస్తే మనిషి ఆగిపోవాలి. ముడుపు అంటే ఏమిటో ఆమె తాతకు చెప్పింది. ఆయన కోపం పోయి నవ్వాడు. నాచేత ఆ ముడి వేయించి, మూర తాడు చేతిలో పెట్టి పంపాడు. ఆ తాడు ఈ ఉత్తరంలో పెట్టాను.

ఇప్పుడు నవ్వు రాని సంగతి.

ఈ ఉదయం నీ ఉత్తరం వచ్చింది. నువ్వు అంతగా మెచ్చుకున్న నీళ్ళ చప్పుడు నేనూ మళ్ళీ విందామని ఫోన్ తీశాను. నీకు పంపింది తెరిచాను. అది నీళ్ళ చప్పుడు కాదు అన్నా. నేను పొరపాటున వేరేది పంపాను. పెద్దాయన స్నానం చేస్తూ గొంతెత్తి పాడుకుంటుంటే ఆయన కూతురికి వినిపిద్దామని రికార్డు చేసినది. బకెట్టు పడిపోయిన చప్పుడు కూడా ఉంది అందులో. అయూబ్ అందుకే నవ్వాడు.

నువ్వు అది వినలేదు. వినపడలేదు.

పాస్‌పోర్టు అడిగితే తిన్నానన్నావు. రెండేళ్ళుగా ఏ ఫోనూ అర నిమిషం దాటలేదు. స్పీకరో సిగ్నలో అని నేను నమ్మాను. ఉత్తరాలంటే నీకు ఎంత ప్రేమో అని మురిసిపోయాను కూడా. పెద్దాయనకు చెబితే ఒక్క మాటే అన్నారు. "చెవిటివాడి మొదటి అబద్ధం ఆఁ ఆఁ అనడమేనమ్మాయ్. నేను మా ఆవిడతో పదేళ్ళు ఆడాను."

సైరన్ మోగినప్పుడు అయూబ్ పక్కనే ఎందుకు నిలబడతావో ఇప్పుడు తెలిసింది. వాడు కదిలితే నువ్వు కదులుతావు, అంతే కదా? వాడు ఒక రోజు రాకపోతే? అన్నా, ఆ కొండ దగ్గరికి ఇక పోకు. ముదీర్‌కు చెప్పు. అబుదాబి వచ్చాక పెద్దాయన డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను.

ఉమ

*

రాస్ అల్ ఖైమా
2024 డిసెంబరు 24

ఉమాదేవికి,

నీ ఉత్తరం అందింది. నా చెవులకు ఏమీ కాలేదు. పని చేసే చోట దుమ్ము, కాస్త మందంగా ఉంటుంది, అందరికీ ఉంటుంది. నువ్వు ముసలాయనకు సేవ చేస్తూ లోకంలో అందరూ రోగులే అనుకుంటున్నావు. పదమూడేళ్ళలో నేను గుర్తు పెట్టిన రాయి ఒక్కటి కూడా పగల్లేదు. వినపడనివాడికి అది సాధ్యమా? పెద్దాయనకు నా సంగతి చెప్పే హక్కు నీకు ఎవరిచ్చారు?

అవ్వకు ఒక్క మాట చెప్పినా నీతో నాకు మాటల్లేవు.

రాజమౌళి

*

అబుదాబి
2025 జనవరి 7

అన్నా,

మొన్న తిరిగి వచ్చాం. అవ్వకు చెప్పలేదు, చెప్పను.

నువ్వు తిట్టినందుకు బాధ లేదు. జుట్టు లాగించుకున్నదాన్ని, ఇదెంత? కాని నీ ఉత్తరాలన్నీ వరసగా పెట్టుకుని మళ్ళీ చదివాను. అన్నిట్లో నువ్వున్నావు, ఒక్కటి మాత్రం ఎటు జరిగినా కనపడదు. ఆ పదిహేనో రాయిని నాకు చూపించకపోతే ఇంకెవరికి చూపిస్తావు?

ఉమ

*

అబుదాబి
2025 జనవరి 23

అన్నా,

రాయి.

ఉమ

*

రాస్ అల్ ఖైమా
2025 జనవరి 31

చెల్లె ఉమకు,

నీ ఒక్క మాట ఉత్తరం అందింది. చిన్నప్పుడు చేసిందే మళ్ళీ చేశాను. నువ్వు రాయి అన్నావు, నేను పోయి ఒక రాయి తెచ్చాను. దానికి నువ్వు పంపిన నల్ల తాడు కట్టాను. ముడి నీ అంత బాగా రాలేదు. దాని సంగతి చివర చెబుతాను.

నువ్వన్నది నిజమే. మూడేళ్ళయింది. మొదట పొద్దున పిట్టలు పోయాయి. తర్వాత గదిలో ఫ్యాను, తర్వాత నీ గొంతు. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది ఎవరైనా అరిస్తే కాస్త. రాయి పలుకు రెండేళ్ళ కిందే పోయింది. నేను సుత్తెతో కొడతాను, అయూబ్ వింటాడు, బొటనవేలు పైకో కిందికో చూపిస్తాడు. "డాక్టర్" అని ముదీర్ పిలుస్తుంటే ప్రతిసారీ సిగ్గుతో చచ్చేవాణ్ణి. అయినా వదల్లేకపోయాను. రాయి పలుకు తప్ప నాకు ఇంకో విద్య రాదు. అది పోయాక నేనెవరిని అని భయం.

పద్దెనిమిదో తారీఖున అయూబ్‌కు జ్వరం, రాలేదు. నేను ఒక పెద్ద రాయి దగ్గర కూర్చుని, చెవి దానికి ఆనించి కొడుతున్నాను, ఏమైనా వినపడుతుందేమోనని. వీపు మీద కంకర పడ్డట్టయింది. తిరిగి చూస్తే మనుషులందరూ దూరంగా గుట్ట కింద నిలబడి ఉన్నారు. అందరూ నోళ్ళు తెరిచి చేతులూపుతున్నారు. ఒకడు మాత్రం సగం దూరం ముందుకొచ్చి గుప్పెళ్ళతో కంకర ఎత్తి నా మీదికి విసురుతున్నాడు. ఒక్క చప్పుడు లేదు ఉమా. అంతమంది అరుస్తుంటే ఒక్క చప్పుడు లేదు. పరుగెత్తాను. పేలుడుకు నేను కూర్చున్న చోట పడిన బండను తర్వాత ఇద్దరు కలిసి దొర్లించారు.

ఆ రోజు నాయిన గుర్తొచ్చాడు. నీకు ఎప్పుడూ చెప్పని సంగతి చెబుతున్నాను. నాయినకు కూడా వినపడేది కాదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు తెలిసింది. రాళ్ళ ట్రాక్టరు వెనక్కి వస్తోంది, నేను గొంతు చించుకుని పిలిచాను, ఆయన తిరగలేదు. పోయి గుంజాను. ఆయనకు అర్థమైంది, నాకూ అర్థమైంది. "మీ అవ్వకు జెప్పకు బిడ్డా, రాళ్ళోడు చెవిటోడైండంటె పని ఎవడిస్తడు?" అని నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ మరుసటి రోజే మనిద్దరినీ బండ మీద కూర్చోబెట్టి ఆట మొదలుపెట్టాడు. "పలికిందా బిడ్డా?" అని అడిగింది ఆట కాదే పిచ్చిదానా. నిజంగా అడిగాడు. మన తలలు ఊగడం చూసి, మన చెవులతో ఆయన పని చేశాడు. నువ్వు తప్పు చెబితే ఆయనకు తెలిసేది కాదు, పగులు రాయి పోయి ఎవరి గుమ్మంలోనో నిలబడేది. అందుకే నీ జుట్టు లాగేవాణ్ణి. నీకు నొప్పి పుట్టిందని తెలుసు. క్షమించు.

ఆయన చివరి రోజుల్లో రాళ్ళ మీద అరచెయ్యి పెట్టి కూర్చునేవాడు. నాయినకు రాళ్ళంటే ఎంత ప్రేమో అని నువ్వు నవ్వేదానివి. చేత్తో వినడానికి చూస్తున్నాడు. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నాను.

ఆయనలాగే దాచి దాచి చనిపోదామనుకున్నాను. నువ్వు ఒక్క ముసలాయన పాటతో పట్టేశావు.

మొన్న ముదీర్ గదికి పోయాను. నాకు అరబ్బీ అంతంత మాత్రం, ఆయనకు హిందీ అంతంత మాత్రం, పైగా ఆయన చెప్పేది నాకు వినపడదు. ఏం మాట్లాడను? తాడు కట్టిన రాయిని బల్ల మీద పెట్టాను. "యే క్యా?" అన్నాడని పెదాలు చూస్తే తెలిసింది. చెవి చూపించాను, కొండ వైపు చూపించాను, రాయి మీద చెయ్యి పెట్టి "ఖలాస్" అన్నాను. ఆయన లేచి వచ్చి, గట్టిగా కాదు, నెమ్మదిగా, పెదాలు విప్పి, ఒక్కొక్క మాటా కనపడేలా మాట్లాడాడు. చెవి పరీక్షకు కాగితం రాయించాడు. ఇక పేల్చే చోటికి పంపరు. వీసా ఉన్నన్నాళ్ళు కింద యార్డులో సామాను చూసుకోమన్నాడు. ఆ తర్వాత సంగతి తెలియదు. గది బయటికి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. నాయిన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఆ రాయిని నీకోసం తెస్తున్నాను. ఫిబ్రవరి తొమ్మిది, ఆదివారం పొద్దున బస్సు దిగుతాను, పెద్దాయన డాక్టరు దగ్గరికి తీసుకుపో. మిషను పెడితే ఎంత వినపడుతుందో నాకు తెలియదు. ఆ కుండలో నీటిబొట్టు చప్పుడు, అసలుది, నీ ఫోన్‌లోనే ఉంచు. పాట మాత్రం తీసెయ్యకు, దాన్నీ ఒకసారి వింటాను.

బస్టాండులో నన్ను వెనకనుంచి పిలవకు. తిరగకపోతే మళ్ళీ కోపమొచ్చిందనుకుంటావు. ఎదురుగా వచ్చి నిలబడు.

అన్న రాజమౌళి